పవర్ ఫార్వర్డ్‌ను ట్రేడ్‌లో తెచ్చుకోవాలా? ఈ వాదన సరిగ్గా చేయడం ఎలా

2025 ఫిబ్రవరి 2, ఆదివారం. పటమటలో పొద్దుటి బాస్కెట్‌బాల్ ఆట ముగించుకుని బెంజ్ సర్కిల్ దగ్గర టీ తాగుతున్నాం. పదిన్నర దాటాక అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో డల్లాస్ జట్టు తన స్టార్ లూకా డాన్చిచ్‌ను లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథోనీ డేవిస్‌ను తెచ్చుకుందట. ఆ వార్త పెట్టిన విలేకరి అకౌంట్ ఎవరో హ్యాక్ చేశారనుకున్నాం. డేవిస్ ఆషామాషీ ఆటగాడు కాడు. రింగ్ దగ్గర అతన్ని దాటి షాట్ వేయడమంటే పెద్ద పెద్దవాళ్లకే కష్టం. అయినా ఆ గంటసేపూ అతని పేరెత్తినవాడు లేడు. అందరి నోటా ఒకటే మాట: "లూకాని ఎలా ఇచ్చేశారు బావా?"

మామూలు రోజుల్లో మా వాదనలు అలా ఉండవు. ఫలానా పవర్ ఫార్వర్డ్‌ను (ఐదుగురిలో నాలుగో నంబరు ఆటగాడు, మా భాషలో "ఫోర్") తెచ్చుకుంటే బాగుంటుందని ఒకరంటారు, వాడు దండగని ఇంకొకరంటారు, టీ చల్లారిపోతుంది. వచ్చేవాడి చుట్టూనే తిరుగుతాం తప్ప పోయేవాడెవరో, వచ్చినవాడు ఎక్కడ నిలబడతాడో ఎవరూ అడగరు. ఇలా అరిచి అరిచి విసిగిపోయాక మా గ్యాంగ్ ఒక పద్ధతి పెట్టుకుంది. మీ గ్యాంగ్‌లోనూ ఈ గొడవ ఉంటే వాడుకోండి.

ట్రేడ్ అంటే ఏమిటో ఐపీఎల్ చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు. 2025 నవంబరులో సంజూ సామ్సన్ చెన్నైకి వచ్చాడు, జడేజా, శామ్ కరన్ రాజస్థాన్‌కి వెళ్లారు. ఎన్‌బీఏలో బేరాలు చాలావరకు ఇలాంటివే. డబ్బు పడేసి పెద్ద ఆటగాణ్ని కొనుక్కోవడం అక్కడ కుదరదు. మనిషికి మనిషినివ్వాలి, లేదా రాబోయే ఏళ్లలో కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతును, అంటే డ్రాఫ్ట్ పిక్‌ను వదులుకోవాలి.

1. ముందు ప్రశ్నను కాగితం మీద రాయండి

"మనకి మంచి ఫోర్ కావాలా?" అనేది ప్రశ్న కాదు. మంచి ఫోర్ ఎవరికి చేదు? ప్రశ్నలో నాలుగు ఉండాలి: ఏ జట్టు, ఎవరిని, ఎవరెవరిని ఇచ్చి, ఏ సీజన్ కోసం. ఒక్క వాక్యంగా రాసి బల్ల మీద పెట్టండి. మధ్యలో ఎవరైనా "అసలు వాళ్ల కోచ్‌నే మార్చాలి" అని పక్కకి లాగితే ఆ కాగితం చూపించండి. మా బావ బ్యాంకులో పనిచేస్తాడు కాబట్టి ఈ రాతకోతల పని అతనిదే.

2. ఖాళీ ఎక్కడుందో వెతకండి

ఇక్కడ మనవాళ్లందరికీ ఒక పాత జబ్బుంది. బళ్లో సిమెంటు కోర్టు మీద ఆడిన రోజుల్లో పీఈటీ సారు క్లాసులో పొడుగ్గా ఉన్నవాణ్ని పిలిచి, "నువ్వు రింగ్ కింద నిలబడరా" అనేవారు. బంతి వస్తే పట్టుకోవాలి, అంతే. పవర్ ఫార్వర్డ్ అనగానే మన బుర్రలో ఇప్పటికీ ఆ కుర్రాడే నిలబడి ఉంటాడు. ఇప్పుడు ఆ నాలుగో నంబరు వాడు చేసే పనులు చాలా ఉన్నాయి. ఒకడు మూలన నిలబడి త్రీలు, అంటే మూడు పాయింట్ల దూరపు షాట్లు వేస్తాడు, ఒకడు బంతి తెచ్చి పాసులిస్తాడు, ఇంకొకడు అవతలి జట్టులో బలమైన ఫార్వర్డ్‌ను కట్టేస్తాడు. గోల్డెన్ స్టేట్ డ్రేమండ్ గ్రీన్ ఎత్తు ఆరడుగుల ఆరు అంగుళాలే. ఆ ఎత్తుతో తనకంటే పొడుగువాళ్లను కాపలా కాస్తూనే టైటిళ్లు గెలిచాడు.

కాబట్టి "పవర్ ఫార్వర్డ్ లేడు" అనడం చాలదు. ఏ పని చేసేవాడు లేడు? మీ జట్టు ఓడిన చివరి ఐదు మ్యాచ్‌లు చూడండి. మొత్తం అక్కర్లేదు, నాలుగో క్వార్టర్ చూస్తే చాలు. అవతలివాళ్లు తప్పిన షాట్‌ను మళ్లీ వాళ్లే పట్టుకుంటున్నారా? బంతి నడిపే మన గార్డ్ లోపలికి దూసుకెళ్తే ముగ్గురు వచ్చి అడ్డం పడుతున్నారా? వాళ్ల పెద్ద ఫార్వర్డ్‌కి ఎదురు నిలిచే ఒళ్లు మనకి లేదా? మొదటిదైతే రీబౌండర్ కావాలి, రెండోదైతే షూటర్, మూడోదైతే డిఫెండర్. ముగ్గురినీ పవర్ ఫార్వర్డ్ అనే పిలుస్తాం, ఒకడి పని ఇంకొకడు చేయలేడు.

డెన్వర్ కథ దీనికి మంచి ఉదాహరణ. 2020లో జెరామి గ్రాంట్ డెన్వర్ వదిలి డెట్రాయిట్ వెళ్లిపోయాడు. పెద్ద ఫార్వర్డ్‌లను కాపలా కాసే మనిషి లేకుండా పోయాడు. ఖాళీ అంత స్పష్టంగా ఉంది. 2021 మార్చిలో గ్యారీ హారిస్‌ను, ఆర్.జె. హాంప్టన్‌ను, ఒక ఫస్ట్ రౌండ్ పిక్‌ను (డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎంచుకునే వంతు) ఇచ్చి ఓర్లాండో నుంచి ఆరన్ గోర్డన్‌ను తెచ్చారు. ఓర్లాండోలో గోర్డన్ బంతి పట్టుకుని తానే అన్నీ చేయాలని చూసేవాడు, పెద్దగా కుదిరేది కాదు. డెన్వర్‌లో ఆ పని వాళ్ల స్టార్ యోకిచ్‌ది. గోర్డన్ రింగ్ పక్కన పొంచి ఉండి, యోకిచ్ పాస్ అందుకుని డంక్ చేస్తే చాలు. మిగతా శక్తంతా డిఫెన్స్‌కే. 2023లో డెన్వర్ టైటిల్ గెలిచింది.

3. టీ గ్లాసులు పేర్చండి

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. బల్ల మీద చాక్‌పీసుతో సగం కోర్టు గీయండి. కొట్టు బాబాయి ఒప్పుకోకపోతే పాత పేపరు పరిచి పెన్నుతో గీయండి. ఖాళీ టీ గ్లాసులు ఐదు తీసుకుని మన జట్టు మొదటి ఐదుగురినీ వాళ్లు మామూలుగా నిలబడే చోట పెట్టండి. ఇప్పుడు ట్రేడ్‌లో పోయేవాళ్ల గ్లాసులు తీసేయండి. కొత్తవాడి గ్లాసు అతను నిలబడే చోట పెట్టండి. మీకు నచ్చిన చోట కాదు, అతను ఇప్పటి జట్టులో నిజంగా నిలబడే చోట.

తరచూ ఏమవుతుందంటే, కొత్త గ్లాసు సెంటర్, అంటే రింగ్ దగ్గరుండే పెద్ద ఆటగాడి గ్లాసు పక్కకే వస్తుంది. ఇద్దరూ రింగ్ దగ్గర, పెయింట్ అనే రంగు వేసిన గడిలో. అప్పుడు వాళ్లను కాసే ఇద్దరు డిఫెండర్లూ అక్కడే ఉంటారు. మీ గార్డ్ లోపలికి వస్తే అతనికి దారేది? పండగ ముందు బీసెంట్ రోడ్డులో బైకు తోలినట్టు ఉంటుంది. అదే కొత్తవాడికి మూల నుంచి త్రీ పడుతుందనుకోండి, గ్లాసును మూలకి జరపండి. ఎన్‌బీఏలో మూల త్రీ దూరం 22 అడుగులు. నడిమధ్య 23 అడుగుల 9 అంగుళాలు కాబట్టి మూల షాట్ కాస్త దగ్గర. అతనికి షాట్ పడుతుందని తెలిస్తే డిఫెండర్ అక్కడికి వెళ్లక తప్పదు, లోపల దారి ఖాళీ అవుతుంది. ఒక్క షాట్ వేయకపోయినా అతను అక్కడ నిలబడటమే జట్టుకి లాభం.

తర్వాత గ్లాసులను అటు తిప్పి డిఫెన్స్ చూడండి. అవతలి ఐదుగురిలో కొత్తవాడు ఎవరిని కాస్తాడు? ఈ ప్రశ్నకి వెంటనే జవాబు రాకపోతే ఆ ట్రేడ్‌ను అనుమానించాల్సిందే.

ఆటోనగర్‌లో లారీ ఇంజిన్ మార్చే మేస్త్రీ దగ్గరికి వెళ్లి "ఫలానా ఇంజిన్ మంచిదేనా" అంటే, "ఏ బండికి?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. గ్లాసుల ఆట కూడా అదే ప్రశ్న.

ఒక సలహా. గ్లాసులు ఎక్కువసేపు అట్టే పెట్టుకుంటే బాబాయి గుర్రుగా చూస్తాడు, ఇంకో రౌండ్ టీ చెప్పండి.

4. అంకెలు రెండు చాలు

ఫోన్లో అంకెల పేజీ తెరిస్తే తలనొప్పి. సగటున ఎన్ని పాయింట్లు, ఎన్ని రీబౌండ్లు అన్నది ఎక్కువగా మోసం చేస్తుంది, ఎందుకంటే ఎక్కువసేపు ఆడినవాడికి ఎక్కువ వస్తాయి. 24 నిమిషాల్లో 7 రీబౌండ్లు పట్టేవాడు, 36 నిమిషాల్లో 9 పట్టేవాడు, వీళ్లలో ఎవరు మెరుగు? మొదటివాణ్ని 36 నిమిషాలకి లెక్కకట్టండి, 10.5 వస్తుంది. బెంచ్ మీద నుంచి వచ్చేవాడే చవకగా దొరుకుతాడు కాబట్టి ఈ లెక్క డబ్బు ఆదా చేసే లెక్క కూడా. అయితే 24 నిమిషాలు ఆడేవాడు 36 నిమిషాలూ అదే ఊపుతో ఆడతాడన్న హామీ లేదు. బావ ఈ మాట ప్రతిసారీ గుర్తుచేస్తాడు, ప్రతిసారీ అతని మాటే నిజం.

రెండో అంకె ట్రూ షూటింగ్, అంటే వేసిన షాట్లు ఎంత బాగా పాయింట్లవుతున్నాయో చెప్పే శాతం. వేసిన షాట్లకి, ఫ్రీ త్రోల (ఫౌల్ అయితే ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) సంఖ్యను 0.44తో గుణించి కలపండి. వచ్చినదాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగించండి. 18 షాట్లు, 4 ఫ్రీ త్రోలతో 20 పాయింట్లు చేసినవాడికి దాదాపు 51 శాతం వస్తుంది. 13 షాట్లు, 5 ఫ్రీ త్రోలతో అవే 20 చేసినవాడికి దాదాపు 66. ఇటీవలి సీజన్లలో లీగ్ సగటు 58 దగ్గర తిరుగుతోంది. కాబట్టి స్కోరు కార్డులో ఇద్దరి పేరు పక్కనా 20 అనే ఉన్నా, ఒకడు జట్టును మోస్తున్నాడు, ఇంకొకడు జట్టు షాట్లు తినేస్తున్నాడు.

5. పోయేదాని లెక్క తీయండి

అసలు గొడవంతా ఇక్కడే ఉండాలి. మనవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఇదే.

పవర్ ఫార్వర్డ్ కెవిన్ గార్నెట్ ఒక్కడి మీద రెండు ట్రేడ్‌లు చూడండి. 2007 జులైలో బోస్టన్ అతన్ని మిన్నెసోటా నుంచి తెచ్చుకుంది. అల్ జెఫర్సన్ సహా ఐదుగురు ఆటగాళ్లు, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఇచ్చింది. ఒక్కడి కోసం ఇంతా అని చాలామంది నోరెళ్లబెట్టారు. అంతకుముందు సీజన్‌లో 24 గెలుపులే ఉన్న బోస్టన్ ఆ సీజన్‌లో 66 గెలిచి, 2008 టైటిల్ పట్టుకుపోయింది. అప్పటికి గార్నెట్ వయసు 31.

ఆరేళ్ల తర్వాత, 2013లో, అదే బోస్టన్ అదే గార్నెట్‌ను పాల్ పియర్స్, జేసన్ టెర్రీలతో కలిపి బ్రూక్లిన్ నెట్స్‌కి ఇచ్చేసింది. ఈసారి గార్నెట్‌కి 37. నెట్స్ ఇచ్చింది 2014, 2016, 2018 ఫస్ట్ రౌండ్ పిక్‌లు, 2017లో తమ పిక్‌ను నెట్స్ పిక్‌తో మార్చుకునే హక్కు. ఆ సీజన్‌లో 44 గెలిచి రెండో రౌండ్‌లో ఓడారు, తర్వాత పాతాళానికి జారారు. 2016 పిక్‌తో బోస్టన్ జేలెన్ బ్రౌన్‌ను ఎంచుకుంది. అడుగున ఉన్న జట్లకే సాధారణంగా ముందు పిక్‌లు దక్కుతాయి. 2017లో నెట్స్ లీగ్‌లోకెల్లా చివరన నిలవడంతో, మార్చుకునే హక్కు కాస్తా మొదటి పిక్ అయి కూర్చుంది. దాన్ని ఫిలడెల్ఫియాతో మార్చి మూడో పిక్‌కి దిగి జేసన్ టేటమ్‌ను తీసుకున్నారు. 2024లో బోస్టన్ టైటిల్ గెలిచినప్పుడు జట్టుకి ఆ ఇద్దరే దిక్కు.

"గార్నెట్ గొప్పవాడా?" అని అడిగితే రెండుసార్లూ జవాబు అవుననే. ఒక ట్రేడ్ టైటిల్ తెచ్చింది, ఇంకొకటి ఒక జట్టును ఏళ్ల తరబడి ముంచింది.

పిక్‌లు ఇచ్చేటప్పుడు ఒక నిబంధన గుర్తుంచుకోండి: రాబోయే రెండు వరస సంవత్సరాల్లో చేతిలో ఫస్ట్ రౌండ్ పిక్ లేకుండా చేసుకోకూడదు. 1980ల మొదట్లో క్లీవ్‌ల్యాండ్ యజమాని టెడ్ స్టెపియన్ పిక్‌లను పప్పుబెల్లాల్లా పంచేయడంతో వచ్చిన నిబంధన ఇది, పేరు కూడా ఆయనదే. మీ స్నేహితుడు "వచ్చే నాలుగేళ్ల పిక్‌లు ఇచ్చేద్దాం" అంటే ఈ నిబంధన చెప్పి కూర్చోబెట్టవచ్చు.

జీతాల సంగతీ చూడాలి. 2025-26 సీజన్‌కి శాలరీ క్యాప్, అంటే జట్టు మొత్తం జీతాలకి పెట్టిన హద్దు, సుమారు 15.46 కోట్ల డాలర్లు. దాటితే అదనపు పన్ను పడే లగ్జరీ ట్యాక్స్ గీత 18.79 కోట్లు. దానిపైన రెండు గీతలున్నాయి, వాటిని ఏప్రన్‌లు అంటారు. మొదటిది 19.59 కోట్లు, రెండోది 20.78 కోట్లు. మొదటిది దాటిన జట్టు తాను పంపిన జీతాల కంటే ఎక్కువ జీతం తెచ్చుకోలేదు. రెండోది దాటితే ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడికి సరిపెట్టడం కూడా కుదరదు. అంటే "ఈ ఇద్దరు చిన్నవాళ్లను ఇచ్చి ఆ పెద్దాయన్ని తెద్దాం" అనే మన టీకొట్టు ట్రేడ్‌ల్లో సగం చెల్లవు. వాదన మొదలుపెట్టే ముందే మీ జట్టు ఏ గీత దగ్గరుందో చూసుకుంటే చాలా గొంతు మిగులుతుంది.

6. వయసు, కాంట్రాక్టు

అతని కాంట్రాక్టు ఎప్పటిదాకా? అయిపోయేనాటికి అతనికి ఎన్నేళ్లు? మోకాళ్ల చరిత్ర ఏమిటి? 2018 జనవరిలో డెట్రాయిట్ బ్లేక్ గ్రిఫిన్‌ను తెచ్చుకుంది, అంతకుముందు ఏడాదే మొదలైన 17.1 కోట్ల డాలర్ల ఐదేళ్ల కాంట్రాక్టుతో సహా. ఒక సీజన్ బ్రహ్మాండంగా ఆడాడు, ఆ తర్వాత మోకాలు. 2021లో డబ్బు సర్దుబాటు చేసి వదిలేసుకున్నారు.

7. పక్షాలు మార్చి వాదించండి

తెద్దాం అన్నవాడు పావుగంట వద్దు అని వాదించాలి, వద్దన్నవాడు తెద్దాం అని. మొదట్లో నవ్వులాటగా ఉంటుంది, ఐదు నిమిషాల్లో అసలు కారణాలు బయటికొస్తాయి. ఒక నియమం మాత్రం పెట్టుకోండి: "నువ్వెప్పుడైనా బంతి పట్టుకున్నావా?" అనే మాట నిషేధం. మా గ్యాంగ్‌లో ఆ మాట అన్నవాడు ఆ రోజు అందరి టీ బిల్లు కట్టాలి. వయసులో పెద్ద అన్నయ్య అన్నా కట్టాల్సిందే.

పక్షాలు మార్చకపోతే ఏమవుతుందో నా సంగతే చెబుతాను. 2024 జనవరిలో ఇండియానా పేసర్స్ టొరంటో నుంచి పవర్ ఫార్వర్డ్ పాస్కల్ సియాకమ్‌ను తెస్తుందని పుకారు వచ్చినప్పుడు నేను గట్టిగా వద్దన్నాను. ఇచ్చేది బ్రూస్ బ్రౌన్, జోర్డన్ న్వోరా, పైన మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు. మనిషికి ముప్ఫై దగ్గర పడుతున్నాయి, త్రీ అంత నమ్మకంగా పడదు, ఆ వేసవికే కాంట్రాక్టు అయిపోతుంది. రేపు వెళ్లిపోతే? నా కారణాలు నాకు భలేగా తోచాయి.

బావ గ్లాసులు తీశాడు. పాయింట్లు కొట్టడంలో ఆ జట్టు లీగ్‌లోనే ముందుంది, డిఫెన్స్ మాత్రం అట్టడుగున. గార్డ్ హాలిబర్టన్ గ్లాసు ఇక్కడ, మైల్స్ టర్నర్ సెంటర్. టర్నర్‌కి త్రీ పడుతుంది కాబట్టి అతన్ని బయటికి జరపవచ్చు. అప్పుడు లోపల చోటు ఖాళీ, సియాకమ్ పని చేసే చోటే అది. పైగా హాలిబర్టన్ బంతి పట్టగానే పరుగెత్తే జట్టు, సియాకమ్ కూడా పరుగు ఇష్టపడే మనిషి. పోతున్నవాళ్ల గ్లాసులు చూపించి, "వీళ్లలో మొదటి ఐదుగురిలో ఉన్నది బ్రౌన్ ఒక్కడే కదా?" అన్నాడు. పిక్‌ల సంగతి తీశాను. జట్టు గెలుస్తుంటే ఆ పిక్‌లు వెనక నంబర్లకి పడిపోతాయి కదా అన్నాడు. కాంట్రాక్టు అంటే, క్యాప్ దాటి అయినా తిరిగి సంతకం చేయించుకునే హక్కు కూడా ట్రేడ్‌తో పాటే వస్తుందన్నాడు. నేను ఒప్పుకోలేదు. కాగితం మీద "వద్దు" అని రాసి సంతకం పెట్టాను.

ఆ వేసవిలోనే సియాకమ్ తిరిగి సంతకం చేశాడు. ఇండియానా 2024లో కాన్ఫరెన్స్ ఫైనల్ (ఎన్‌బీఏ ఫైనల్‌కి ముందు మెట్టు) చేరింది, 2025లో ఎన్‌బీఏ ఫైనల్‌లో ఓక్లహోమాతో ఏడో మ్యాచ్ దాకా వెళ్లి ఓడింది. ఓడింది కదా అని నేను ఇప్పటికీ గొణుగుతుంటాను. ఎవరూ పట్టించుకోరు.

8. తీర్పు రాసి, తేదీ వేసి, దాచండి

ట్రేడ్ జరిగిన రోజే మార్కులు వేయకండి. 2008 ఫిబ్రవరిలో మెంఫిస్ తన పావ్ గసోల్‌ను లేకర్స్‌కి ఇస్తే ఊరికే ఇచ్చేశారని అంతా ఎగతాళి చేశారు. లేకర్స్ 2009, 2010 టైటిళ్లు గెలిచింది, 2010 ఏడో మ్యాచ్‌లో పావ్ ఒక్కడే 18 రీబౌండ్లు పట్టాడు. అంతవరకు ఎగతాళి సబబే. కానీ ఆ బేరంలో మెంఫిస్‌కి వచ్చినవాటిలో పావ్ తమ్ముడు మార్క్ మీద హక్కులూ ఉన్నాయి. 2007 డ్రాఫ్ట్‌లో 48వ వాడిగా తీసుకున్న కుర్రాడు. 2013లో ఆ తమ్ముడే లీగ్‌లో ఉత్తమ డిఫెండర్ అవార్డు అందుకున్నాడు.

మేం కాగితాల వెనక "రెండేళ్ల తర్వాత చూడాలి" అని రాసి బావ డైరీలో పెట్టిస్తాం.

9. గడువు రాత్రి

ఎన్‌బీఏ ట్రేడ్ గడువు ఫిబ్రవరి మొదట్లో, ఇటీవలి ఏళ్లలో గురువారం, అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం మూడింటికి ముగుస్తుంది. మనకి అది శుక్రవారం తెల్లవారుజాము ఒంటిగంటన్నర. టీకొట్టు మూసేసి ఉంటుంది కాబట్టి ఫ్లాస్కు సాయంత్రమే నింపుకోండి. మొదట వచ్చే వార్తలో వచ్చేవాడి పేరే ఉంటుంది. పోయేవాళ్ల పేర్లు, పిక్‌ల షరతులు అరగంట ఆలస్యంగా ఒక్కొక్కటే వస్తాయి. అవన్నీ వచ్చేదాకా గ్రూప్‌లో చప్పట్లు గానీ తిట్లు గానీ పెట్టకండి, గ్లాసు కదపకండి. మా బావకి మాత్రం ఫోన్ చేయొద్దు, శుక్రవారం అతనికి బ్యాంకు ఉంటుంది.